1864 నాటి టార్పెడో దూసుకురాదు: ఒక అనువాదంలో ఒక్క పదం మీద కేస్ స్టడీ

యుద్ధ చరిత్ర మీద, ఆయుధాల మీద వచ్చే తెలుగు అనువాదాలను సరిచూడటం నా పని. ఉత్తరాది, దక్షిణాది రాష్ట్రాల మధ్య జరిగిన అమెరికా అంతర్యుద్ధం మీద ఒక ఇంగ్లీషు పుస్తకానికి అనువాదం తయారైంది, అందులో నౌకాయుద్ధాల భాగం నా దగ్గరికి వచ్చింది. అనువాదకుడు చేయి తిరిగినవాడు, వాక్యం ఎక్కడా కుంటదు. మొబైల్ బే యుద్ధం దగ్గరికి వచ్చేసరికి, ఉత్తరాది నౌకాదళాన్ని నడిపిన ఫారగట్ గురించి ఈ వాక్యం కనిపించింది:

“ఎదురుగా దూసుకొస్తున్న టార్పెడోలను లెక్కచేయకుండా, పూర్తి వేగంతో ముందుకు పోనివ్వమని ఫారగట్ ఆజ్ఞాపించాడు.”

చదవడానికి హాయిగా ఉంది, సినిమా చూస్తున్నట్టు ఉంది. చిక్కల్లా ఏమిటంటే 1864 ఆగస్టు 5న అలబామా తీరంలోని ఆ అఖాతంలో ఏ టార్పెడో కూడా ఎవరి మీదికీ దూసుకురాలేదు. అక్కడ ఉన్నవన్నీ నీళ్ల కింద లంగరేసి కట్టిపెట్టిన, తుపాకి మందు నింపిన పీపాలు, రేకు డబ్బాలు. అవి ఉన్నచోటే ఉంటాయి, ఓడే వెళ్లి వాటికి తగలాలి. ఇవాళ ఎవరైనా వాటిని మైన్లనే అంటారు, అప్పట్లో వాటి పేరు టార్పెడో.

మనకు తెలిసిన టార్పెడో, అంటే సొంత ఇంజిన్‌తో నీళ్లలో పరిగెత్తేది, అప్పటికి ఇంకా పుట్టనే లేదు. రాబర్ట్ వైట్‌హెడ్ అనే ఇంగ్లీషు ఇంజినీరు దాన్ని ఆస్ట్రియా నౌకాదళానికి చూపించింది 1866లో, ఫ్యూమే రేవులో. ఆ ఊరు ఇప్పుడు క్రొయేషియాలో రియెకా. అలాంటి టార్పెడోతో ఓడను ముంచడం 1878 జనవరిలో గానీ జరగలేదు, బటూమి దగ్గర రష్యన్లు ఒక టర్కీ ఓడను అలా ముంచారు. కాబట్టి ఫారగట్ ఎదుట దూసుకొచ్చే టార్పెడో ఉండటానికి వీల్లేదు.

మూలం తీసి చూశాను. “దూసుకొస్తున్న” అన్న మాట ఇంగ్లీషులో లేనే లేదు, ముందు టార్పెడోలు ఉన్నాయని మాత్రమే ఉంది. మరి ఆ మాట ఎక్కడి నుంచి వచ్చింది? టార్పెడో అన్న నామవాచకం తెలుగులో ఒంటరిగా రాదు, తన క్రియను వెంటేసుకుని వస్తుంది. దాన్ని ప్రయోగిస్తారు, సంధిస్తారు, అది దూసుకెళ్తుంది, తాకుతుంది. జలాంతర్గామి కథలు చదివిన చెయ్యి ఆ క్రియను తనకు తెలియకుండానే రాసేస్తుంది. అనువాదకుడికి ఫోన్ చేస్తే ఆయన అన్నది కూడా సబబుగానే ఉంది: “ఇంగ్లీషులో టార్పెడో అనే ఉంది కదండీ, నేను ఇంకేం రాయాలి?”

ఒక్క మాటే కదా, ఆ “దూసుకొస్తున్న” కొట్టేస్తే సరిపోదా అని ప్రచురణ వాళ్లు అడిగారు. సరిపోదు, ఎందుకంటే ఆ ఘట్టం మొత్తం అర్థం టార్పెడో కదులుతుందా లేదా అన్న దాని మీదే నిలబడి ఉంది. అఖాతం ముఖద్వారంలో ఒక పక్క దక్షిణాది వాళ్ల ఫోర్ట్ మోర్గన్ అనే కోట ఫిరంగులు, ఇంకో పక్క నీళ్లలో టార్పెడోల వరుస. మధ్యలో కోట గోడల కిందుగా ఒక సన్నని దారి వదిలిపెట్టారు, దక్షిణాది వాళ్ల సొంత ఓడలు రాకపోకలు సాగించడానికి. టార్పెడోలు ఎక్కడిదాకా ఉన్నాయో చెప్పే బోయాలు, అంటే తేలే గుర్తులు, నీటి మీద కనిపిస్తూనే ఉన్నాయి. టెకమ్సే అనే ఉత్తరాది ఇనుప కవచపు ఓడ శత్రువు టెనెసీని అందుకోవాలని ఆ వరుస మీదుగా తిరిగింది, కింద ఒకటి పేలింది, నిమిషాల్లో కెప్టెన్ క్రేవెన్‌తో సహా తొంభై మందికి పైగా మనుషులతో మునిగిపోయింది. అది చూసి వెనక వస్తున్న ఉత్తరాది ఓడ బ్రూక్లిన్ ఆగి వెనక్కి నడవడం మొదలెట్టింది. ఇక వరుసలో ఉన్న ఓడలన్నీ కోట ఫిరంగుల కింద ఒకదాని మీద ఒకటి పోగుపడే పరిస్థితి.

ఫారగట్ ముందున్న ప్రశ్న ఇప్పుడు తెలుస్తుంది. ఆగితే ఫిరంగులు తింటాయి, దారి మళ్లాలంటే ఆ వరుస మీదుగానే పోవాలి. ఆయన తన ఓడ హార్ట్‌ఫర్డ్‌ను దాని మీదుగానే నడిపించాడు. ఓడ అడుగున టార్పెడోల ట్రిగ్గర్లు టక్కుమని కొట్టుకోవడం లోపలి నావికులకు వినిపించిందని రాశారు, ఒక్కటీ పేలలేదు. చాలా కాలంగా నీళ్లలో నానుతుండటంతో మందు చెమ్మెక్కింది. ఇప్పుడు ఇదే ఘట్టాన్ని “దూసుకొస్తున్న టార్పెడోలు” అని చదవండి. తూటాలకు ఎదురెళ్లిన వీరుడి కథ అయిపోతుంది. నిజంగా జరిగింది అది కాదు, పాతుకుని కూర్చున్న ప్రమాదం మీదుగా, అవి చాలావరకు పాడైపోయి ఉంటాయన్న అంచనాతో, తెలిసి తెలిసి నడిచి వెళ్లడం. నా లెక్కలో రెండోదే పెద్ద సాహసం, కానీ అది పక్కన పెట్టండి, చరిత్ర మాత్రం రెండోదే.

ఈ ఒక్క వాక్యంతో ఆగకుండా ఆ భాగమంతా టార్పెడో, మైన్ అన్న మాటలు ఎక్కడెక్కడ వచ్చాయో గుర్తులు పెట్టుకుంటూ వెళ్లాను. అప్పుడు అసలు తమాషా బయటపడింది. ఒకే యుద్ధంలో పట్టుమని పదకొండు రోజుల్లో మూడు సంఘటనలు.

1864 జూలై 30, వర్జీనియాలో పీటర్స్‌బర్గ్. ఉత్తరాది సైన్యంలో పెన్సిల్వేనియా బొగ్గుగనుల మనుషులు ఎక్కువగా ఉన్న ఒక దళం శత్రువు కందకాల కిందికి 500 అడుగులకు పైగా సొరంగం తవ్వి, దాని చివర 8000 పౌన్ల మందు పేర్చింది. ముట్టించిన వత్తి మధ్యలో ఆరిపోతే ఇద్దరు లోపలికి పాకి వెళ్లి మళ్లీ అంటించి వచ్చారు. పేలుడుకు నేల ఎగిరిపోయి పెద్ద గొయ్యి పడింది, 270 మందికి పైగా అక్కడికక్కడే పోయారు. దీన్ని అప్పటి రికార్డులు మైన్ అంటాయి.

ఆగస్టు 5, మొబైల్ బే. నీళ్లలో లంగరేసినవి. వీటిని టార్పెడో అంటాయి.

ఆగస్టు 9, పీటర్స్‌బర్గ్‌కు దగ్గర్లోనే సిటీ పాయింట్ రేవు. దక్షిణాది ఏజెంటు జాన్ మాక్స్‌వెల్ గడియారపు యంత్రం పెట్టిన ఒక పెట్టెను మందుగుండు సామాను ఉన్న బల్లకట్టు మీదికి చేర్చాడు, రేవు సగం లేచిపోయింది. చాలాకాలం దాన్ని ప్రమాదమే అనుకున్నారు, యుద్ధం ముగిశాక దొరికిన కాగితాల్లో గానీ అసలు సంగతి తెలియలేదు. మనం ఇప్పుడు టైం బాంబు అనే దానికి ఆ కాగితాల్లో ఉన్న పేరు మళ్లీ టార్పెడోయే, ముందు గడియారానికి సంబంధించిన ఒక విశేషణం తగిలించారు, అంతే.

అంటే ఆ పదకొండు రోజుల్లో మైన్ అంటే సొరంగం, టార్పెడో అంటే మైన్, ఇంకో టార్పెడో అంటే టైం బాంబు. అనువాదంలో మూడు చోట్లా వరుసగా “మందుపాతర”, “టార్పెడో”, “టార్పెడో” అని పడ్డాయి. ఏ పదమూ డిక్షనరీ ప్రకారం తప్పు కాదు, కానీ మూడింటిలోనూ పాఠకుడికి వేరే బొమ్మే కనిపిస్తుంది. ఇంతకంటే మంచి కేసు నాకు దొరకదు అనిపించి దీన్ని వివరంగా రాసుకోవడం మొదలెట్టాను.

టార్పెడో అన్న మాట అసలు ఒక చేప పేరు. లాటిన్‌లో తిమ్మిరెక్కడం అన్న అర్థం నుంచి వచ్చింది, సముద్రం అడుగున ఇసుకలో కదలకుండా పడుకుని, తాకినవాడికి కరెంటు షాక్ కొట్టే చేప. రాబర్ట్ ఫుల్టన్, స్టీమరుతో పేరు తెచ్చుకున్న ఆయనే, 1800ల మొదట్లో నీటి కింద పేల్చే తన మందు డబ్బాలకు ఈ పేరు వాడి ప్రచారంలోకి తెచ్చాడు. 1805లో ఇంగ్లండు తీరంలో డొరతియా అనే ఓడను అలా పేల్చి చూపించాడు కూడా. చేపను తలుచుకుంటే ఆ పేరు మైన్‌కే బాగా సరిపోతుంది, పరిగెత్తే టార్పెడోకు కాదు. ఆ చేప వేటాడుతూ వెంటపడే రకం కాదు మరి.

అక్కడి నుంచి అర్థం పాకుతూ పోయింది. అంతర్యుద్ధం నాటికి, దాచిపెట్టి పేల్చేది ఏదైనా టార్పెడోయే. పీపాకు రెండు చివరలా చెక్క శంకువులు బిగించి తారు పూసి నీళ్లలో వదిలింది టార్పెడో. పడవ ముక్కుకు పొడవాటి గెడ కట్టి, దాని చివర పెట్టిన మందు డబ్బా టార్పెడో, 1864 ఫిబ్రవరి 17న హన్లీ అనే దక్షిణాది చిన్న జలాంతర్గామి ఉత్తరాది ఓడ హౌసటానిక్‌ను ముంచింది దీనితోనే, ముంచి తానూ ఎనిమిది మందితో మునిగింది. బొగ్గుముక్క ఆకారంలో పోతపోసి, లోపల మందు కూరి, శత్రువు బొగ్గుకుప్పలో కలిపేసే ఇనప తొడుగు కూడా టార్పెడో, అది ఓడ కొలిమిలోకి వెళ్లాక దాని పని అది చూసుకుంటుంది. రోడ్డు మట్టి కింద పాతిన ఫిరంగి గుండు కూడా టార్పెడోయే, దీని సంగతి తర్వాత చెబుతాను, అది వేరే తలనొప్పి.

వైట్‌హెడ్ కనిపెట్టింది వచ్చాక కూడా ఉత్త టార్పెడో అంటే కుదరలేదు. చేప టార్పెడో అనీ, తనంతట తాను కదిలే టార్పెడో అనీ ముందు ఒక విశేషణం తగిలించాల్సి వచ్చింది, ఎందుకంటే విశేషణం లేకపోతే అది మైన్ అనుకుంటారు. కొన్నాళ్లకు కదిలేదే మామూలు అయిపోయి విశేషణం రాలిపోయింది, కదలని దానికి మైన్ అన్న పేరు స్థిరపడింది. 1907 హేగ్ ఒప్పందం నాటికి ఈ విభజన పూర్తయిపోయినట్టే. అందులో తగిలితే పేలే నీటి మైన్లకు ఒక నిబంధన, గురి తప్పిన టార్పెడోలకు విడిగా ఇంకో నిబంధన ఉన్నాయి. కాబట్టి నాకు పనికొచ్చే మొదటి సూత్రం: మూలం 1866కి ముందుదైతే టార్పెడో తనంతట తాను కదలదు. 1907 తర్వాతదైతే మామూలుగా కదులుతుంది. మధ్యలోదైతే వాక్యం చదివి తేల్చుకోవాలి.

ఇలా పేరు వస్తువును వదిలేసి అలవాటు వెంట పోవడం పాత రోజుల సంగతే అనుకోవద్దు. 1940 శరత్కాలంలో జర్మన్లు లండన్ మీద పారాచూట్లకు కట్టి పెద్ద మైన్లు వదిలారు. అవి ఓడల కోసం తయారైన సముద్రపు మైన్లు. నేల మీద పడ్డాయి కాబట్టి జనం వాటిని ల్యాండ్‌మైన్లు అనేశారు. వాటిని విప్పడానికి వెళ్లింది మాత్రం నౌకాదళం మనుషులే, ఎందుకంటే ఆ యంత్రం లోపల ఏముందో తెలిసింది వాళ్లకే. అప్పటి లండన్ డైరీల్లో ల్యాండ్‌మైన్ అని కనపడగానే మందుపాతర అని రాసే అనువాదం నేను చూశాను. ఆకాశంలోంచి మందుపాతర పడటం!

ఇక తెలుగు వైపు. మైన్‌కు తెలుగులో స్థిరపడిన మాట మందుపాతర. మందు అంటే తుపాకి మందు, మందుగుండులో ఉన్నదే. పాతర అంటే ధాన్యం దాచే గొయ్యి. మాట చక్కగా ఉంది, నోటికి బాగుంది, ఇంతకంటే మంచిది ఎవరూ కల్పించలేరు. నిజానికి దాని ముక్కలు విడదీసి చూస్తే పీటర్స్‌బర్గ్ సొరంగానికే అతికినట్టు సరిపోతుంది, నేల కింద గది తవ్వి అందులో మందు నిలవచేయడమే కదా అది. కానీ పత్రికల్లో ఏళ్ల తరబడి వాడి వాడి ఆ మాటకు ఒక గట్టి బొమ్మ అంటుకుపోయింది. మందుపాతర అనగానే తెలుగు పాఠకుడికి అడవి దారి, కల్వర్టు, పోలీసు జీపు, పొదల్లోకి వెళ్లిన వైరు కనిపిస్తాయి. నీళ్లు కనిపించవు, సొరంగమూ కనిపించదు. కాబట్టి మొబైల్ బేలో మందుపాతర అని రాస్తే పాఠకుడు ఒక్క క్షణం తడబడతాడు, పీటర్స్‌బర్గ్‌లో రాస్తే అస్సలు తడబడకుండా తప్పు బొమ్మ చూస్తాడు. రెండోదే ఎక్కువ ప్రమాదం.

ప్రచురణ వాళ్లు పుస్తకమంతా ఒకే మాట ఉండాలని పట్టుబట్టారు. నీటిలో ఉంటే జల మందుపాతర, నేలలో ఉంటే భూ మందుపాతర, పట్టిక బాగుంటుందని వాళ్ల వాదన. పట్టిక బాగానే ఉంటుంది, అయితే పుస్తకం చదివేవాడు పట్టిక చదవడు. పైగా పాతర అన్నాక మళ్లీ భూ ఏమిటి, పాతర ఆకాశంలో తవ్వుతారా? నీళ్లలో వేలాడే పీపాను పాతర అనడానికి నాకు చెయ్యి రాలేదు. అక్కడ మైన్ అనే తెలుగు లిపిలో పెడితే ఏ పాఠకుడూ ఇబ్బంది పడడు, మందుపాతర అనే మాట తెలిసినవాడికి మైన్ అనే మాటా తెలుసు.

అన్నిటికంటే నాకు ఉపయోగపడింది మాత్రం నామవాచకం కాదు, క్రియ. మందుపాతర పేలింది, మందుపాతర పేల్చారు. ఈ రెండూ ఒకటి కాదని తెలుగు మాట్లాడే ఎవరికైనా చెప్పకుండానే తెలుసు. మొదటిదానిలో ఎవరో తొక్కారు, లేదా బండి ఎక్కింది. రెండోదానిలో ఒకడు దూరంగా కూర్చుని, చూసి, మీట నొక్కాడు. ఇంగ్లీషులో ఒకే క్రియ అటూ ఇటూ తిరుగుతుంది, చదివేవాడు సందర్భాన్ని బట్టి ఊహించుకోవాలి. తెలుగులో ఒక వత్తు ఆ పని చేసిపెడుతుంది. ఆయుధం ఎలా పేలుతుందన్నది సైనిక పరిభాషలో అన్నిటికంటే పెద్ద విభజన, మనకు అది వ్యాకరణంలోనే ఉంది. ఉంది కాబట్టే దాన్ని తప్పు వాడితే తప్పు సమాచారం ఇచ్చినట్టే.

ఉదాహరణకు అనువాదంలో రెండు ఉత్తరాది ఓడలు. ఒకటి కమడోర్ జోన్స్, 1864 మే 6న జేమ్స్ నదిలో. నది అడుగున దాదాపు 2000 పౌన్ల మందు, ఒడ్డు మీద మనుషులు, మధ్యలో కరెంటు వైరు. ఓడ సరిగ్గా దాని మీదికి వచ్చేదాకా ఆగి ముట్టించారు. అనువాదంలో “టార్పెడో తగిలి పేలిపోయింది” అని ఉంది. అక్కడ ఏదీ తగల్లేదు. ఒడ్డున ఉన్నవాళ్లు పేల్చారు. ఇది సరిచేయడం తేలిక.

రెండోది కేరో. ఆ పేరు ఇలినాయ్‌లోని ఒక ఊరిది, ఈజిప్టు రాజధానిలా కైరో అని రాయకండి, ఆ ఊరివాళ్లు అలా పలకరు. 1862 డిసెంబరు 12న యాజూ నదిలో పన్నెండు నిమిషాల్లో మునిగింది, ఒక్క ప్రాణం కూడా పోలేదు, మైన్‌కు బలైన మొదటి యుద్ధనౌకగా దీన్ని చెప్పుకుంటారు. 1964లో పైకి తీశారు, విక్స్‌బర్గ్ యుద్ధక్షేత్ర పార్కులో ఇప్పటికీ చూడొచ్చు. దీన్ని ఒడ్డున దాక్కున్నవాళ్లు కరెంటుతో పేల్చారా, లేక ఓడ తాకిడికే ట్రిగ్గర్ లాగుకుందా అన్న దగ్గర కథనాలు కలవవు. అలాంటప్పుడు పేల్చారు అని రాస్తే మనం ఒక పక్షం తీసుకున్నట్టు, తగిలి పేలింది అంటే ఇంకో పక్షం. “కింద రెండు పేలుళ్లు జరిగాయి” అని రాశాను, మూలం చెప్పినదీ అంతే. క్రియను తప్పించుకుని పేలుడు అన్న నామవాచకం వెనక దాక్కోవడం మామూలుగా నాకు నచ్చని పద్ధతి. ఇక్కడ మాత్రం అదే నిజాయితీ.

ఇప్పుడు నేల మీద టార్పెడోల సంగతి.

1862 మే నెలలో దక్షిణాది సైన్యం యార్క్‌టౌన్ వదిలి వెనక్కి తగ్గుతూ, బ్రిగేడియర్ జనరల్ గేబ్రియల్ రెయిన్స్ చేతుల మీదుగా, దారుల్లోనూ బావుల దగ్గరా ఫిరంగి గుండ్లు పాతిపెట్టింది. కొద్ది అంగుళాల మట్టి కింద, తొక్కితే పేలేలా పైన ప్రైమర్ అనే ముట్టించే సాధనం పెట్టి. ఉత్తరాది సేనాని మెక్లెలన్ మండిపడి, పట్టుబడ్డ దక్షిణాది ఖైదీల చేతే వాటిని తవ్వించాడు. విశేషం ఏమిటంటే రెయిన్స్ పై అధికారి లాంగ్‌స్ట్రీట్‌కు కూడా ఇది రుచించలేదు, ఇక పాతవద్దన్నాడు. తగువు యుద్ధ మంత్రి రాండాల్ఫ్ దాకా పోయింది. ఆయన తీర్పు చూడండి: ఊరికే నలుగురు శత్రువులను చంపడానికి తప్ప ఇంకే ప్రయోజనమూ లేకుండా పాతడం తగదు, కోట గోడ మీద దాడిని ఆపడానికో, వెంటపడే సైన్యాన్ని దారిలో నిలువరించడానికో అయితే పాతవచ్చు. చివరికి రెయిన్స్‌ను అక్కడి నుంచి తప్పించి, నదులను కాపాడే టార్పెడోల పని మీదికి మార్చారు. అదే ఏడాది టార్పెడో బ్యూరో అని ఒక ప్రత్యేక శాఖే పెట్టారు.

ఇక్కడ అనువాదంలో “టార్పెడోలు పాతారు” అని ఉంది. నవ్వొచ్చే వాక్యం కానీ తప్పు అనువాదకుడిది కాదు, మూలంలో అదే ఉంది. ఇక్కడ మాత్రం నేను వెనకాడకుండా మందుపాతర పెట్టాను. పాతింది, తొక్కితే పేలేది, నేలలో ఉన్నది, పాఠకుడి మనసులో ఉన్న బొమ్మకు ఇంతకంటే దగ్గరగా పుస్తకంలో ఇంకోటి లేదు. వైరు మాత్రం ఉండదు, ఆ తేడాను పేలింది అన్న క్రియ చూసుకుంటుంది. 1864 డిసెంబరులో సవానా దగ్గర ఒక యువ అధికారి కాలు ఇలాంటి దానికే పోయింది, ఉత్తరాది సేనాని షెర్మన్ అటు వచ్చినప్పుడు అతన్ని చూశాడు. షెర్మన్ కూడా ఖైదీలకు పారలు, గునపాలు ఇచ్చి ముందు నడిపించాడు, ఇది యుద్ధం కాదు హత్య అని తర్వాత రాసుకున్నాడు. ఆ పేరా మందుపాతర అన్న మాటతో చదివితే ఆ కోపం తెలుగులో సూటిగా అందుతుంది, టార్పెడో అన్న మాటతో చదివితే ఆయన ఎందుకు అంత మండిపడ్డాడో పాఠకుడికి ఎక్కదు.

మిగతావి గబగబా. పీటర్స్‌బర్గ్‌లో మైన్, మందుపాతర రెండూ తీసేసి “మందు సొరంగం” అన్నాను, తర్వాతి పేజీల్లో ఉత్త సొరంగం చాలు. సిటీ పాయింట్‌ది టైం బాంబు. బొగ్గుముక్కది బొగ్గు బాంబు. హన్లీది గెడ టార్పెడో, ఇక్కడ టార్పెడో వదల్లేదు, ఎందుకంటే పరిగెత్తే టార్పెడోకు పూర్వీకుడు నిజంగా అదే, మందును శత్రువు దగ్గరికి మోసుకెళ్లడమే దాని పని. టార్పెడో బ్యూరో సంస్థ పేరు కాబట్టి అలాగే ఉంచి మొదటిసారి వచ్చినచోట ఒక వాక్యం చేర్చాం, ఆ రోజుల్లో ఆ మాట దేనికి వాడేవారో చెబుతూ. పుస్తకంలో ఆ సంగతి చెప్పింది అక్కడ ఒక్కచోటే. ప్రతి పేజీ కిందా ఫుట్‌నోట్ పెడితే పాఠకుడికి టెన్షన్ తప్ప లాభం లేదు.

ఫారగట్ మాట దగ్గర మాత్రం నాకూ అనువాదకుడికీ గట్టి చర్చ జరిగింది. ఆయన సరిగ్గా ఆ మాటలే అన్నాడా అన్నది తేలని విషయం, అది అచ్చులో కనిపించింది ఎన్నో ఏళ్ల తర్వాత. అయినా అమెరికాలో అది సామెతలా స్థిరపడిపోయింది, మార్చడానికి వీల్లేదు. కథనంలో మైన్ అని, ఆయన నోట టార్పెడో అని ఎలా రాస్తామండీ, పక్కపక్క వాక్యాల్లో రెండు పేర్లా అని అనువాదకుడి అభ్యంతరం. పాత్ర తన కాలం మాట మాట్లాడుతుంది, కథకుడు మన కాలం మాట మాట్లాడతాడు, బ్యూరో దగ్గర చేర్చిన ఆ ఒక్క వాక్యం చదివినవాడికి ఇందులో గందరగోళం ఉండదని నా వాదన. ఆ ముక్క చివరికి ఇలా వచ్చింది:

“ఎదురుగా నీళ్ల కింద మైన్ల వరుస. బ్రూక్లిన్ ఆగిపోయింది. ఎందుకు ఆగారని హార్ట్‌ఫర్డ్ మీది నుంచి కేకేస్తే, టార్పెడోలని జవాబు వచ్చింది. ‘టార్పెడోలూ లేదు, గాడిదగుడ్డూ లేదు, పోనివ్వండి ముందుకి!’ అన్నాడు ఫారగట్. హార్ట్‌ఫర్డ్ ఆ వరుస మీదుగానే సాగింది. ఒక్క మైనూ పేలలేదు.”

గాడిదగుడ్డు అనువాదకుడి చలవ. ప్రచురణ వాళ్లు అది అమర్యాదగా ఉందని కాసేపు గొణిగారు, ఇంగ్లీషులో ఆయన అన్నది అంతకంటే ముతక మాట అని చెబితే ఊరుకున్నారు.

చివరి అధ్యాయంలో ఇంకో చిక్కు ఉంది, ఈ ఆయుధాలు ఇవాళ ఎక్కడిదాకా వచ్చాయో చెబుతూ 1997 ఒట్టావా ఒప్పందం గురించి రెండు పేజీలు. 1999 మార్చి 1న అమల్లోకి వచ్చిన ఆ ఒప్పందం మనుషులను చంపే మైన్లను నిషేధించింది, అమెరికా గానీ భారత్ గానీ అందులో చేరలేదు. దాని నిర్వచనం మొత్తం పేలు, పేల్చు తేడా మీదే కట్టారు: మనిషి ఉండటం వల్లో, దగ్గరికి రావడం వల్లో, తగలడం వల్లో పేలేలా తయారుచేసింది అయితేనే ఆ ఒప్పందంలోకి వస్తుంది. ఒకడు చూసి మీట నొక్కి పేల్చేది దాని పరిధిలోకి రాదు. అనువాదంలో “మందుపాతరలను నిషేధించారు” అని ఒక్క ముక్కలో ఉంది. తెలుగు పత్రికల్లో మందుపాతర అని చదివే వాటిలో చాలావరకు వైరు లాగి పేల్చేవి, ఆ ఒప్పందం వాటి జోలికి పోదు. వాహనాల కోసం పెట్టే మైన్లదీ అంతే, అవి ఆ నిషేధంలో లేవు.

ఇక్కడే క్లెమోర్ మైన్ ప్రస్తావన వస్తుంది. 2003 అక్టోబరు 1న అలిపిరి దగ్గర ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడి కాన్వాయ్ మీద దాడి జరిగాక తెలుగువాళ్లందరికీ తెలిసిపోయిన మాట ఇది. అమెరికా సైన్యం వాడే ఎం18ఏ1 అనే అసలు క్లెమోర్‌ను పాతరు, నేల మీద కాళ్లతో నిలబెడతారు. వంపు తిరిగిన పెట్టె, లోపల 700 ఉక్కు గుళ్లు, ముందు వైపు ఏదో సిపాయి పొరపాటు పడకుండా ఈ వైపు శత్రువు వైపు పెట్టమని అచ్చు కూడా ఉంటుంది. దాన్ని వైరుతో, చేత్తో పేలిస్తే ఒట్టావా నిషేధంలోకి రాదు, అదే పెట్టెకు కాలికి తగిలే తీగ కడితే వస్తుంది. పాతే వస్తువు కాదు కాబట్టి దీన్ని మందుపాతర అనకుండా క్లెమోర్ అనే ఉంచాను. నిషేధం గురించిన వాక్యాన్ని “మనిషి తగిలినా, దగ్గరికి వచ్చినా తనంతట తానే పేలే మందుపాతరలను నిషేధించారు” అని మార్చాం. పొడుగైంది, అనువాదకుడికి ఇప్పటికీ అది నచ్చలేదు. తగ్గించే మార్గం ఉంటే చెప్పమన్నాను, “తొక్కుడు మందుపాతర” అని పంపాడు. బాగుంది గానీ తీగ తగిలి పేలేది అందులో పట్టదు, దగ్గరికి వస్తే చాలు పేలేది అసలే పట్టదు. అచ్చుకు వెళ్లేలోపు ఇంకేమైనా తడుతుందేమో చూస్తున్నాం.